దెబ్బ కాచే దిమ్మ

దశరథుని రథపు ఇరుసు చీల ఊడిపోగా, కైక తన వేలినే చీలగా నిలిపి భర్తను కాపాడిందని జనశ్రుతి. మహారథం సైతం ఒక్కొక్కప్పుడు అత్యల్పమైన వస్తువుపై ఆధారపడుతుంది. తిరువూరులోని ఒక మరమ్మతు షెడ్డులో ఈ సత్యం ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి అనుభవంలోకి వచ్చింది.

ఆయనకు పాత అంబాసిడర్ కారు ఒకటి ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాగా, పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ రూపొందించిన వాహనమది. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. విజయవాడ ప్రాంతాన్ని తిరువూరు, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్‌తో కలిపే 30వ నంబరు జాతీయ రహదారిపై ఆ కారు ఎన్నో ప్రయాణాలు చేసింది. కొన్ని నెలలుగా గోతిలో పడినప్పుడల్లా దాని వెనుక భాగంలో సుత్తితో మోదినట్లు శబ్దం వస్తున్నది. మాస్టారు పట్టించుకోలేదు. చాలాకాలంగా నడుము నొప్పి అంటున్న భార్య మాటనూ అలాగే దాటవేశారు. ఇప్పుడామె నిలబడలేని స్థితికి వచ్చింది. మరునాడే విజయవాడ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మెకానిక్ కారు కిందికి దూరి చూశాడు. వెనుక ఇరుసుకు పైన ఉండవలసిన రబ్బరు దిమ్మలలో ఒకటి పగుళ్లు బారింది, రెండవది రాలిపోయింది. వీటినే బంప్ స్టాపులు అంటారు. ఉక్కు పట్టీలు పేర్చిన కమాను కట్టలు ఇరుసుపై వాహన భారాన్ని మోస్తాయి. పెద్ద గోతిలో పడినప్పుడు ఇరుసు హద్దు మీరి పైకి లేస్తుంది. అప్పుడు లోహం లోహాన్ని తాకకుండా దిమ్మ అడ్డుపడుతుంది. నొక్కుకొనేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది కనుక దెబ్బను క్రమక్రమంగా గ్రహిస్తుంది. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరుకు దార్ఢ్యం కలుగుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గుర్తించాడు. అయినా వేడికి, నూనెకు, కాలానికి అది లొంగక తప్పదు.

“లారీ రబ్బరు ముక్క ఏదైనా కోసి బిగించవయ్యా, రేపటికి గడుస్తుంది” అన్నారు మాస్టారు.

“వద్దండి మాస్టారూ! దళసరి ముక్క పెడితే ఇరుసు ఆడే చోటు తగ్గిపోతుంది. చిన్న గుంటకే తగులుకుంటుంది. అమ్మగారికి మరీ ఇబ్బంది. అసలు కమాను కట్టలు కుంగిపోయాయండి. అందుకే దిమ్మలు రోజూ దెబ్బలు తిని ఇలా అయ్యాయి. కట్టలకు మళ్లీ వంపు తెప్పించి, తరవాత కొత్తవి వేయాలి. రెండు రోజులు పడుతుంది.”

మాస్టారికి మొదట కోపం వచ్చింది. ఆపై అరచేతిలోని పగిలిన దిమ్మను చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. అది మూగగా దెబ్బలు కాచింది. అరిగిన తరువాత చప్పుడు రూపంలో హెచ్చరించింది. ఇంట్లోని మనిషి నోరు విప్పి చెప్పినా తాను వినలేదు.

కారును షెడ్డులోనే విడిచి, మరునాడు అద్దె కారులో ఆమెను వెనుక సీటులో పడుకోబెట్టి బయలుదేరారు. గుంట ఎదురైనప్పుడల్లా వేగం తగ్గించమని డ్రైవరును కోరారు. “నొప్పిగా ఉందా?” అని ఆమెను అడిగి, ఆమె బదులు చెప్పేవరకు ఆగారు.