సముద్రం దాటిన చుట్టరికం

తమిళనాడులోని తళవాయిపురం, రాజపాళయం వైపు ఎటు చూసినా నూలు మాటే, రాజు కులస్థుల ఇళ్లలో తెలుగు మాటే. నా ఆలోచన మాత్రం ఆ నూలు పుట్టుక మీదే. ఇక్కడి నల్లరేగడిలో పండే కరుంగణ్ణి దేశవాళీ పత్తి; దాని కణంలో 26 క్రోమోజోములు. మిల్లులకొచ్చే అమెరికన్ రకానికి 52. 2012లో పెరూ అడవిపత్తి జన్యుక్రమం, 2014లో దేశవాళీ పత్తిది వెలువడ్డాయి. పక్కపక్కన పెడితే ఆ 52లో సగం మన పత్తి వంశానివి, సగం పెరూ పత్తికి దగ్గరివి! పత్తిలో హరితరేణువుల డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. ఆ తల్లి మన వైపుదే. ఇంత పెద్ద చుట్టరికమున్న కరుంగణ్ణిని చాలా పొలాలు వదిలేశాయి, అది నాకు బాధ. మరి ఆ రెండు వంశాలు కలిసిందెలా? పది ఇరవై లక్షల ఏళ్ల కిందట, సేద్యమన్నదే లేనప్పుడు, మన వైపు వంశపు గింజ ఏదో సముద్రం మీద తేలి అమెరికా తీరం చేరి ఉండాలి.