చార్టులో లేని గడి

డైపర్ మార్చడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. బెడ్‌సోర్లకు కట్టు కట్టేటప్పుడూ మొహం చిట్లించలేదు. నోటి దగ్గరికి వచ్చేసరికే ఒళ్లు జలదరించేది. మంచం పట్టిన పెద్దవాళ్లను ఇళ్లకెళ్లి చూసుకునే నర్సుని. ఈ మాట తోటివాళ్లతో కూడా అనలేకపోయాను.

పక్షవాతం వచ్చిన ఒక తాతగారికి ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ ఉండేది. బీపీ, షుగరు, మూత్రం ఎంత వచ్చింది, ఎటు తిప్పి పడుకోబెట్టాం, అన్నీ చార్టులో రాసేదాన్ని. నోటికి గడి లేదు. "నోటితో తినడమే లేదు కదండీ, మురికెక్కడ చేరుతుంది?" అని వాళ్లమ్మాయికి ధీమాగా చెప్పాను. నిజానికి తినేటప్పుడు నాలుక కదిలి, ఉమ్మి ఊరి, నోరు కొంత తనే శుభ్రపడుతుంది. ట్యూబ్ పడ్డాక ఆ కాస్తా తగ్గిపోతుంది. నర్సింగ్‌లో చదువుకున్నదే. బ్రష్ పెట్టబోతే ఆయన పళ్లు బిగించేవారు. నేను "సహకరించలేదు" అని రాసేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆయన అలా బిగిస్తే నాకు హాయిగా ఉండేది.

ఆయనకు జ్వరం, ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. న్యుమోనియా అన్నారు. డాక్టరుగారు టార్చి వేసి, ఎండి అంగిలికి అంటుకుపోయిన పెచ్చును తడిపి తీశారు. వాళ్లమ్మాయి నావైపు చూసింది, ఏమీ అనలేదు. జబ్బు అందువల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరు. కానీ నోట్లో పెరిగిన క్రిములు ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. జపాన్‌లో 11 వృద్ధుల సంరక్షణ గృహాల్లో రెండేళ్లు చూసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ సంరక్షకులు దగ్గరుండి పళ్లు తోమిన వృద్ధుల్లో న్యుమోనియా 11 శాతం మందికే వచ్చింది. మిగతావాళ్లలో 19 శాతం.

ఇప్పుడు నోరు శుభ్రం చేసేటప్పుడు వాళ్ల తల ఎత్తి, మొహం పక్కకు తిప్పి, ముందు చెంప తాకి చెబుతాను. పెదవులు తడుపుతాను. ఉమ్మలేనివాళ్లకు పేస్టు వాడను, నీళ్లు విదిలించేసిన మెత్తటి బ్రష్ చాలు. పళ్ల మధ్య వేలు పెట్టను. బిగిస్తే వదిలేసి, కాసేపాగి మళ్లీ వస్తాను. బిగించడం వెనక పుండో, కదిలే పన్నో ఉండొచ్చు. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి నీళ్లలో వేయిస్తాను. "చుట్టాలొస్తే బోసి నోరు బాగుండదమ్మా" అంటారు కొందరు ఇంట్లోవాళ్లు. వాళ్లతో వాదన తప్పదు.

ఆ నోటి వాసన మాత్రం ఇప్పటికీ పడదు. రెండు మాస్కులు పెట్టుకుంటాను.