పాత పేరు కొట్టేశారా?

పోయిన సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్‌లో మా బ్యాచ్ తీసుకున్న మినీ ప్రాజెక్ట్ ఇది: ఒక ప్రాసెస్ దగ్గరున్న మెమరీని కాపీ చేయకుండా ఇంకో ప్రాసెస్‌కి ఇచ్చేయాలి. చేసింది ఎక్స్‌వీ6 మీద. ఎంఐటీలో పాఠం చెప్పడానికి రాసుకున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అది.

మామూలుగా ఇలాంటి పనికి పైప్ వాడతాం. పంపే ప్రాసెస్ నుంచి కెర్నల్ బఫర్‌లోకి ఒక కాపీ, అక్కడి నుంచి అందుకునే ప్రాసెస్‌లోకి ఇంకో కాపీ. ఎక్స్‌వీ6 పైప్ బఫర్ 512 బైట్లే. ఒక పేజీ 4096 బైట్లు. అంటే ఒక్క పేజీ పంపడానికి ఆ బఫర్ 8 సార్లు నిండి ఖాళీ అవ్వాలి. బిందెడు నీళ్లు గ్లాసుతో పోసినట్టు.

దీనికి ఇంకో దారి ఉంది. ప్రాసెస్‌కి ఫిజికల్ మెమరీ నేరుగా కనపడదు. దాని అడ్రస్ వెనక అసలు ఏ పేజీ ఉందో పేజ్ టేబుల్‌లో రాసి ఉంటుంది. ఒక్కో ఎంట్రీ 8 బైట్లు. ఒకరి టేబుల్‌లో ఆ ఎంట్రీ తీసేసి ఇంకొకరి టేబుల్‌లో రాస్తే చాలు, పేజీ ఉన్నచోటే ఉంటుంది.

ఇది అర్థమైనప్పుడు నాకు మా పొలం గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట నా ఫీజుల కోసం తాతయ్య ఎకరంన్నర అమ్మారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి నేనూ వెళ్లాను. ఫొటో, వేలిముద్రలు, సంతకాలు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. పొలం అంగుళం కూడా కదల్లేదు. వేపచెట్టు అక్కడే, బోరు అక్కడే. కొన్నాళ్లకి అడంగల్‌లో పేరు మారింది, అంతే.

మా కోడ్ మొదటి టెస్ట్‌లోనే పనిచేసింది. క్యాంటీన్‌లో పార్టీ కూడా అయిపోయింది. మర్నాడు చూస్తే అందుకున్న పేజీ నిండా 1లే. ఒక్కో బైట్‌లో ఒక్కో 1. రెండు రాత్రులు కూర్చున్నాం. తప్పు చాలా చిన్నది. కొత్త ప్రాసెస్ టేబుల్‌లో ఎంట్రీ రాశాం కానీ, పాత ప్రాసెస్ టేబుల్‌లో తీసెయ్యలేదు. పాత ప్రాసెస్ అయిపోగానే కెర్నల్ దాని పేరు మీదున్న పేజీలన్నీ వెనక్కి తీసుకుంది. అలా తీసుకునేటప్పుడు ఎక్స్‌వీ6 ఆ పేజీని 1లతో నింపేస్తుంది, ఇంకా ఎవరైనా వాడుతుంటే దొరికిపోవాలని. మేం దొరికిపోయాం. మొదటి టెస్ట్‌లో పాత ప్రాసెస్ ఇంకా బతికే ఉంది, అందుకే బయటపడలేదు.

ఒక్క లైన్‌తో సరిచేసి వైవాకి వెళ్లాం. సార్ అడిగారు: "ఇక్కడ సరే. ఒకే ప్రాసెస్‌లో నాలుగు థ్రెడ్లు నాలుగు కోర్ల మీద నడుస్తుంటే?" నోట మాట రాలేదు. తర్వాత చదివితే తెలిసింది. ఈమధ్య వెతికిన అడ్రస్‌లని ప్రతి కోర్ తన టీఎల్‌బీలో గుర్తుపెట్టుకుంటుంది. టేబుల్‌లో ఎంట్రీ తీసేసినా, ఆ గుర్తుతో పాత పేజీకే వెళ్లిపోగలదు. అందుకని కెర్నల్ మిగతా కోర్లకి కూడా కబురు పెట్టి మర్చిపోమని చెప్పాలి. దీన్నే టీఎల్‌బీ షూట్‌డౌన్ అంటారు. ఈ ఖర్చు వల్లే కొంచెం డేటాకైతే కాపీ చేసుకోవడమే నయం. లినక్స్‌లో 2006లో వచ్చిన వీఎమ్‌స్ప్లైస్‌కి 'గిఫ్ట్' అనే ఫ్లాగ్ ఉంది. అలా ఇచ్చేసిన మెమరీని ఇక ఎప్పటికీ మార్చకూడదని మాన్యువల్‌లోనే రాశారు.

మా ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో మాత్రం నేను 'ఖర్చు: సున్నా' అని రాశాను.

సంక్రాంతికి ఊరెళ్లాను. తెల్లారకముందే తాతయ్య చేతికర్ర తీసుకుని బయల్దేరుతుంటే వెంట వెళ్లాను. నేరుగా అమ్మేసిన పొలం గట్టు మీదకే వెళ్లారు. కొన్నాయన మిర్చి వేశాడు. సాలులో ఒక కలుపు మొక్క కనపడితే తాతయ్య వంగారు, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మనది కాదుగా అమ్మడూ," అన్నారు.

"మరి రోజూ ఎందుకొస్తావు తాతయ్యా?"

"సంతకం పెట్టింది చెయ్యి. కాళ్లకి ఇంకా తెలీలా."

ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను. ఆ ఎకరంన్నర నా ఫీజు రసీదుల్లో ఉంది. అవి నా బ్యాగులోనే ఉంటాయి. ఎప్పుడూ తీసి చూడలేదు.

తిరిగొస్తుంటే ఆయనే అడిగారు, కంప్యూటర్లో అసలేం చదువుతున్నావని. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. ప్రాసెస్, పేజ్ టేబుల్ తెలుగులో ఎలా చెప్పాలో రాలేదు. చివరికి ఇలా చెప్పాను: "ఒకళ్ల పొలం ఇంకొకళ్లకి ఇవ్వాలి తాతయ్యా. మట్టి మోసుకెళ్లం కదా, అడంగల్‌లో పేరు రాస్తాం. నా ప్రాజెక్ట్ అదే."

తాతయ్య నాలుగడుగులు వేసి ఆగారు.

"మరి పాత పేరు కొట్టేశారా?"

మాకు రెండు రాత్రులు పట్టిన ప్రశ్న అది.