వణకని చేతుల గురించి

పార్కిన్సన్స్ జబ్బుకి మన భాషల్లో ఉన్న పేర్లన్నీ వణుకు చుట్టూనే తిరుగుతాయి. తెలుగులో వణుకుడు రోగం అంటాం. ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మా పాతబస్తీ ఉర్దూలో రాషా. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అచ్చువేసిన చిన్న పుస్తకం కూడా 'వణుకుడు పక్షవాతం' అనే పేరుతోనే వచ్చింది. ఆయన అందులో ఆరుగురు రోగుల గురించి రాశాడు. ఆరుగురూ మగవాళ్ళే. కొందరిని వీధిలో చూసి రాశాడు. ఆ తర్వాత ఫ్రెంచి వైద్యుడు షార్కో వచ్చి, ఈ జబ్బున్న వాళ్ళందరూ వణకరు, ఇది పక్షవాతమూ కాదు, కాబట్టి ఆ పేరు కుదరదని చెప్పి పార్కిన్సన్ పేరే జబ్బుకి పెట్టాడు. వైద్యులైతే పేరు మార్చుకున్నారు గానీ మన గల్లీల్లో ఇప్పటికీ వణికితేనే జబ్బు. వణకకపోతే ముసలితనం, బద్ధకం, లేదంటే నటన. ఆడమనిషి విషయంలో బద్ధకం, నటన అనే మాటలే ముందు వస్తాయి.

ఈ సంగతి నేను శాలిబండలో మా ఇంట్లో, చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళలో చూసి తెలుసుకున్నాను. మా నాన్న ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యారు. 2016లో జబ్బు పేరు తెలిసింది. అంతకు చాలా ముందే ఆయన జమాఖర్చుల పుస్తకంలో అక్షరాలు రానురాను చీమలంత అయ్యాయి. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా ఆయనకి వాసన తెలిసేది కాదు. నవ్వు ముఖంలో కనపడకుండా పోయింది. చుట్టాలు "సారుకి గర్వం పెరిగింది" అనుకున్నారు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెల్లగా చచ్చిపోతుంటాయనీ, కదలికలో తేడా బయటికి తెలిసేసరికే చాలా భాగం పోయి ఉంటాయనీ తర్వాత డాక్టర్లు చెప్పారు. వణుకు కన్నా నిదానం, బిగుసుకుపోవడం మనిషిని ఎక్కువ కట్టిపడేస్తాయని మాకు అనుభవం చెప్పింది.

కానీ నేను రాయాలనుకున్నది నాన్న గురించి కాదు, అమ్మ గురించి.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరుగారు నాతోనో తమ్ముడితోనో మాట్లాడేవారు. అమ్మ ఫైళ్ళ సంచి పట్టుకుని వెనకాల నిలబడేది. లెవోడోపా మాత్ర అన్నానికి అరగంట ముందు వేస్తేనే పనిచేస్తుందని, పప్పో మాంసమో పాలో దాంతోపాటు లోపలికి వెళితే వాటిలోని మాంసకృత్తులు మందుని రక్తంలోకి, మెదడులోకి వెళ్ళకుండా అడ్డుపడతాయని మాకు ఒక పూట చెప్పారు. ఆ చెప్పినదాన్ని మా ఇంటి వంటగా మార్చింది అమ్మే. పప్పు రాత్రికి జరిపింది. పొద్దున జావ, మధ్యాహ్నం కూర, చారు. ఏ మాత్ర ఎన్ని గంటలకి దిగిపోతుందో, దిగిపోయే ముందు నాన్న కుడికాలి బొటనవేలు ఎలా వంకర తిరుగుతుందో ఆమెకే తెలుసు. గడప దగ్గరికి రాగానే నాన్న కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. అమ్మ ముగ్గుపిండితో గడపకి ఇవతల అడుగుకొక అడ్డగీత గీసి, "గీత దాటు, ఇంకో గీత దాటు" అనేది. ఆయన దాటేవారు. ఇలా కంటికి కనిపించే గీతలు, చెవికి వినిపించే లెక్క ఆగిపోయిన అడుగుని కదిలిస్తాయని ఫిజియోథెరపిస్టులు కూడా నేర్పిస్తారని తర్వాత తెలిసింది. అక్కడ అది చికిత్స. మా ఇంట్లో ఏ పేరూ లేదు. ఎవరైనా మెచ్చుకోవాలనుకుంటే "పుణ్యం జేసుకుంటున్నవమ్మా" అనేవాళ్ళు. సేవ అనే మాటలో ఉన్న మోసం ఇదే. ఆమె తెలివిని గుణం కింద జమకట్టేస్తుంది. గుణానికి జీతం ఉండదు, సెలవు ఉండదు, అలసట ఉండకూడదు.

2022 చలికాలంలో బాత్రూంలో నాన్న వెనక్కి తూలితే పట్టుకోబోయి అమ్మ కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. ఆ ఆరువారాలూ ఆమె చేసే పని చేయడానికి నేను, తమ్ముడు, పగటి పూటకి పెట్టుకున్న ఒక మనిషి, ముగ్గురం కావలసి వచ్చాం. అప్పటికీ మాత్రలు ఆలస్యమయ్యేవి. అమ్మ మంచం మీంచి గడియారం చూసి అరిచేది. "నాకేమైతదే, నేను బాగనే ఉన్న" అనే మనిషి, కట్టు విప్పిన రోజు మాత్రం "ఇంకో నెల ఉంటే మంచిగుండు" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే రెండిళ్ళ అవతల ఉండే ఆపా అమ్మని చూడడానికి వచ్చింది. వాళ్ళ అత్తగారికీ ఇదే జబ్బు, ఏడేళ్ళుగా. మంచం మీద మనిషిని చేతుల్తో ఎత్తకుండా, నడుం కింద మడిచిన దుప్పటి వేసి పక్కకి తిప్పే పద్ధతి ఆమె నాకు చూపించింది. అరగంటలో ఆమె దగ్గర నేర్చుకున్నది మేం ఆరేళ్ళలో ఎక్కడా వినలేదు. పక్క పక్కనే ఉంటూ ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పాఠాన్ని విడివిడిగా, ఒంటరిగా, నడుములు విరగ్గొట్టుకుని నేర్చుకున్నారు. అక్కడినుంచి మొదలైంది మా రెండో ఆదివారం. నెలకొకసారి, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా, మా ముందుగదిలో. ఒక్కటే నియమం. ఆ రెండు గంటలూ ఇంట్లో మగవాళ్ళెవరో ఒకరు జబ్బుమనిషి దగ్గర కూర్చోవాలి. ఈ నియమం వల్ల మొదటి నెల ముగ్గురే వచ్చారు. ఇప్పుడు పది పదకొండు మంది వస్తున్నారు.

ఇలాంటి కూడికలు కొత్తేమీ కాదు. 2001లో ముంబైలో మొదలైన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ దేశంలో చాలా చోట్ల రోగులకి, ఇంటివాళ్ళకి కలిపి సహాయ బృందాలు నడుపుతోంది. వ్యాయామం, మాట సాధన, జబ్బు గురించిన చదువు అన్నీ ఉంటాయి. మాది అంత పద్ధతైన వ్యవహారం కాదు. తెలిసిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒకామె అప్పుడప్పుడు వస్తుంది. మిగతాదంతా మాటలే. కానీ ఆ మాటల్లో ప్రాణాల మీదికి వచ్చే విషయాలుంటాయి. వాంతులకి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కలవరింతలకి ఇచ్చే హాలోపెరిడాల్ ఈ జబ్బున్న వాళ్ళకి పడవు, ఒళ్ళు ఇంకా బిగుసుకుపోతుంది. ఈ రెండు పేర్లూ తెలుగులో, ఉర్దూలో రాసి ప్రతి ఇంట్లో మందుల డబ్బాకి అంటించాం. మాత్రలు ఒక్కసారిగా ఆపేయకూడదన్నది ఇంకొకటి. రంజాన్ నెలలో ఇది పెద్ద ప్రశ్న. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా మాత్ర లేకుండా ఉండలేరు, రోజా వదలడానికి మనసొప్పదు. జబ్బుమనిషికి మతం మినహాయింపు ఇచ్చిందని ఆపాయే అందరికీ నచ్చజెప్పింది. "రోజా ఉండాలనే పట్టుదల ఉంటే నెల ముందే డాక్టరుని అడగండి, మీకు మీరే మాత్రలు జరపకండి" అని కూడా చెప్పింది. అజాన్ వినపడగానే మాత్ర వేసే అలవాటు కొందరికి ఉండేది. అజాన్ వేళలు సూర్యుడితో జరుగుతాయి, మాత్ర వేళ జరగకూడదు. ఇప్పుడు అందరి ఫోన్లలో అలారాలు మోగుతున్నాయి.

ఆడవాళ్ళు మాత్రమే ఉన్నారు గనక ఆసుపత్రిలో నోటికి రాని మాటలు ఇక్కడ వస్తాయి. ఒకామె, "నిద్రల కొడ్తడు. కాళ్ళతోని తంతడు, పొద్దున అడిగితే యాదికి లేదంటడు" అంది. గది నిశ్శబ్దమైపోయింది. కలలో చేసే పని శరీరం నిజంగా చేసేయడం ఈ జబ్బులో ఉంది. కొందరిలో వణుకు మొదలవడానికి ఏళ్ళ ముందునుంచే ఉంటుంది, దానికి మందులూ ఉన్నాయి. ఆ మాట చెప్పుకుంటుండగానే మూలన కూర్చున్న ఇంకొకావిడ, "నా మొగుడు మెలకువల ఉండంగనే కొట్టెటోడు. ముప్పై ఏండ్లు. ఇప్పుడు నేనే నోట్ల ముద్ద పెట్టాలె" అంది. మొదటామెకి ఇవ్వడానికి మా దగ్గర ఒక సమాచారం ఉంది. రెండో ఆమెకి ఏముంది? క్షమించమని చెప్పే హక్కు మాకు లేదు. వదిలెయ్యమని చెబితే ఆమె ఎక్కడికి వెళుతుంది? అమ్మ ఆమె పక్కకి జరిగి కూర్చుంది. "రోజూ పెడ్తున్నవు గద. ప్రేమతోని పెట్టాలని ఎవ్వరన్న అంటే ఇక్కడికి పంపియ్యి" అంది. ఆమె ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఇంకో సంగతి కూడా అక్కడే బయటపడింది. డోపమిన్ అగొనిస్టులనే రకం మందులు కొందరిలో అదుపులేని కోరికలు పుట్టిస్తాయి. జూదం, అవసరం లేని కొనుగోళ్ళు, లైంగిక కోరిక. డెబ్భై ఏళ్ళ భర్త రాత్రిళ్ళు పెట్టే బాధని సిగ్గుతో కడుపులో దాచుకున్న భార్య, అది మందు వల్ల కావచ్చని, డాక్టరుకి చెబితే మందు మార్చగలరని తెలిస్తే కదా నోరు విప్పేది! అడగాల్సిన ప్రశ్నని ఎవరూ ఆమెని అడగరు. ఎందుకంటే ఆమె రోగి కాదు.

రోగి ఆడమనిషైతే? ఈ జబ్బు మగవాళ్ళకే కాస్త ఎక్కువగా వస్తుంది. అందుకని ఆడవాళ్ళని ఎవరూ అనుమానించరు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి మీద రాళ్ళు అద్దే పని చేసేవాళ్ళలో ఇంటి పట్టున ఉండే ఆడవాళ్ళు చాలామంది. జతకింత అని కూలి. మా గల్లీ చివర ఉండే ఒకామె జతలు తగ్గిపోతున్నాయని మొదట గమనించింది గాజులిచ్చే సేఠ్. ఆమె చెయ్యి టీకప్పు పక్కన ఊరికే పెట్టుకున్నప్పుడు వణికేది, పనిలో పెడితే వణుకు ఆగేది. ఈ జబ్బులో వణుకు స్వభావమే అంత, చెయ్యి విశ్రాంతిగా ఉన్నప్పుడే వస్తుంది. కానీ ఇంట్లోవాళ్ళు "పని జేస్తే తగ్గుతది, కూసుంటే వస్తది, ఇదేం రోగం" అన్నారు. రెండేళ్ళు తాకత్ మందులు తాగించారు. జబ్బు పేరు తెలిసేసరికి ఆమె కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో మానేసి, తల్లి రాళ్ళూ తల్లి వంటా రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అన్నలిద్దరున్నారు. వాళ్ళ చదువు మానిపించాలని ఎవరికీ తోచలేదు.

ఆ పిల్ల కోసం మా ఆదివారాల్లో పెద్ద గొడవే జరిగింది. చివరికి వంతులు వేసుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వారంలో నాలుగు రోజులు ఎవరో ఒకరం ఆ ఇంట్లో ఉంటాం. మిగిలిన రెండు రోజులు పెద్దన్న ఉండాలని ఆపా వెళ్ళి ఖరాఖండిగా చెప్పింది. అతను కొన్నిసార్లు ఉంటాడు, కొన్నిసార్లు ఉండడు. పిల్ల కాలేజీలో మళ్ళీ చేరింది. హాజరు చాలక ఈసారి పరీక్ష రాస్తుందో లేదో చెప్పలేను. మేం గెలిచామని రాయడానికి లేదు. ఆడవాళ్ళ భారాన్ని ఇంకో నలుగురు ఆడవాళ్ళం పంచుకున్నామంతే.

ఇది ప్రభుత్వం పంచుకోవాల్సిన భారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ని వైకల్యాల జాబితాలో పేరు పెట్టి చేర్చింది. ఎక్కువ సహాయం అవసరమైన వాళ్ళకి సంరక్షకుల భత్యం గురించి కూడా ఆ చట్టంలో ఉంది. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట కూడా ఉంది. స్తోమత లేదని ఇంటి ఆడమనిషి ఎప్పుడైనా అనగలిగిందా?

1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' మనలో చాలామంది ఇళ్ళలో ఉంది. మన శరీరాల గురించి మన భాషలో మనమే రాసుకోవచ్చని ఆ పుస్తకం ధైర్యం ఇచ్చింది. ఇంకొకరి శరీరం చుట్టూ తిరిగే ఆడవాళ్ళ చదువు కూడా అలాగే అచ్చులోకి రావాలి. దుప్పటి మడత, ముగ్గు గీత, డబ్బా మీది రెండు పేర్లు, నిద్రలో దెబ్బలు, మెలకువలో దెబ్బలు, అన్నీ. అమ్మ, ఆపా చెబుతుంటే నేను నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. తెలుగు సగం అయింది. ఉర్దూ రాయగలిగిన వాళ్ళు, డాక్టర్లతో కూర్చుని ప్రతి వాక్యం సరిచూడగలిగిన వాళ్ళు కావాలి. ఈ పత్రిక చదివేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉన్నారు. రెండో ఆదివారం మూడింటికి రండి. వచ్చేముందు ఇంట్లో ఎవరు కూర్చుంటారో తేల్చుకుని మరీ రండి.