బోదె తవ్వడం మానేసిన ఏడు

ఈసారి పురుగుమందు గురించో, ధాన్యం రేటు గురించో కాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా పంట బోదె కింద పద్నాలుగు మంది రైతులం. నా చేను మొదట్లోనే ఉంటుంది. చిట్టచివర ఒక కౌలు రైతు, రెండెకరాలు చేస్తాడు. నన్ను బాబాయ్ అంటాడు. ఏటా దాళ్వాకి ముందు బోదెలో గుర్రపుడెక్క, తూడు లాగి, పూడిక తీయాలి. నా చేలోకి నీళ్ళెక్కాలంటే పది గజాలు తవ్వుకుంటే చాలు. కానీ మా నాన్న శివారు దాకా తవ్వేవాడు. ఆయన పోయాక నేనూ తవ్వాను. మొదట్లో నలుగురు వచ్చేవారు, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత నేనూ నా పారా. గట్టు మీద వెళ్ళేవాళ్ళు "ఏంటి, ప్రెసిడెంటుగా నిలబడతావా?" అని నవ్వేవారు.

అలా ఆరేడేళ్ళు చేశాక ఒక ఏడు విసుగొచ్చింది. నాకెందుకు ఈ చాకిరీ అని నా పది గజాలు తవ్వుకుని ఇంటికొచ్చేశాను. అంతవరకైతే ఈ పోస్టు రాయక్కర్లేదు.

ఆ దాళ్వాలో కాలువకి వంతులు పెట్టారు. చేలు పొట్ట మీదున్నాయి. మా వంతు సాయంత్రం ఆరింటికి అయిపోయింది. బోదెకి అడ్డంగా వేసిన మట్టిబస్తాలు తీయాలి. తీయలేదు. ఇంకాస్త నిండనీ అని రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్నే ఆ కుర్రాడు వచ్చి, "బాబాయ్, నీళ్ళు రాలేదండి, చేను నెర్రెలిచ్చేసింది" అన్నాడు. "లాకు దగ్గరే తగ్గాయంటరా" అన్నాను. అతను ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "మన వంతు నిన్ననే అయిపోయిందిగా?" అంది.

ఇక్కడ సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. అంతకుముందు ఆదివారమే చర్చిలో పెద్దలు నన్ను వాక్యం చెప్పమన్నారు. నేను చెప్పింది గలతీయుల పత్రిక ఆరో అధ్యాయం. విత్తనం, కోత, మేలు చేయడంలో నీరసపడకపోవడం. రైతుని కదా, బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు కూడా.

వెళ్ళి బస్తాలు తీసేశాను. కానీ నీళ్ళు శివారుకి చేరేసరికి రెండు రోజులు పట్టింది. నేను తవ్వని బోదె కదా, పూడిపోయి ఉంది. కోతల్లో అతనికి ఎకరానికి పది బస్తాలు తగ్గాయి. మక్తా మాత్రం తగ్గదు, మీకు తెలిసిందే.

ఆ కొన్ని నెలలూ చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. ఇలాంటి మనిషి ఇంక మంచి పని చేయడమేంటి, చెప్పడమేంటి అనుకున్నాను. అప్పుడు చదివితే తెలిసింది, నీరసపడొద్దని పౌలు రాశాడంటే మంచి చేసేవాడికే నీరసం వస్తుందని ఆయనకు ముందే తెలుసన్నమాట. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో, చేయాలనుకున్న మంచి చేయలేకపోతున్నానని తన సంగతే ఒప్పుకున్నాడు. పేతురైతే చలిమంట దగ్గర మూడుసార్లు అబద్ధమాడాడు. అలాంటివాడికి యేసు ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి తినమని, ఆ తర్వాత గొర్రెల్ని మేపే పనే మళ్ళీ అప్పగించాడు. పని నుంచి తీసేయలేదు.

మన కాలువ గట్ల మీద విగ్రహాలున్న కాటన్ దొర సంగతి కూడా గుర్తొచ్చింది. ఆయన గట్టి క్రైస్తవుడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి, మరుసటి ఏడే ఆరోగ్యం పాడై సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళిపోవాల్సొచ్చింది. ఆయన లేనప్పుడు కెప్టెన్ ఓర్ పని చూశారు. 1850లో తిరిగొచ్చారు, 1852కి పూర్తయింది. ఆయనది ఒంటి జబ్బు, నాది బుద్ధి జబ్బు, రెండూ ఒకటని అనట్లేదు. కానీ మధ్యలో వదిలిన పని దగ్గరికే మళ్ళీ వచ్చాడు చూడండి, నాకు కావాల్సింది అదే.

చివరికి అతని ఇంటికి వెళ్ళి చెప్పేశాను. "తెలుసు బాబాయ్, ఆ రాత్రి టార్చిలైటు పట్టుకొచ్చి బస్తాలు చూశాను" అన్నాడు. మరి ఎందుకు తీయలేదురా అంటే, "మీరే తీస్తారనుకున్నాను" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఐదు బస్తాల ధాన్యం పంపించాను. మొహమాటపడకుండా తీసుకున్నాడు. తీసుకున్నాడు కాబట్టే ఆ రాత్రి నాకు నిద్రపట్టింది.

మరుసటి ఏడు నుంచి మళ్ళీ శివారు దాకా తవ్వుతున్నాం. విసుగు పోయిందా అంటే పోలేదు. పోయినేడు కూడా సగంలో పార గిరాటేసి ఇంటికొచ్చి, అన్నం తిని, మళ్ళీ వెళ్ళాను.

ఈ శనివారం పొద్దున్నే ఆరింటికి మొదలెడుతున్నాం. గుర్రపుడెక్క ఈసారి బాగా పట్టేసింది. మా బోదె వాళ్ళెవరైనా వస్తే ఎవరి పార వాళ్ళు తెచ్చుకోండి. టీ మా ఇంటి నుంచి వస్తుంది.