కొర్రబయలు దారిలో టక్కుమన్న చప్పుడు

డౌనూరు దాటి ఘాట్ ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. డిసెంబరు చలికి జీపు అద్దాలు లోపలా బయటా మసకబారిపోయాయి. మూడో మలుపులో స్టీరింగు తిప్పగానే కింద టక్కుమంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. రెండు నెలలుగా స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వింటున్నదే. విశాఖలో ఒక గ్యారేజీలో చూపిస్తే, ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపి, చక్రం పట్టుకుని ఊపి, "ఏం లేదు సార్, బుష్షులు పాతబడ్డాయంతే" అన్నారు. నేనూ నమ్మాను. చెవి దానికి అలవాటు పడిపోయింది.

బావ మాత్రం నమ్మలేదు. "టైరు లోపలి అంచు ఎలా అరిగిపోయిందో చూశావా?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

లంబసింగిలో టీ కొట్టు ముందు ఆపాం. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. మంచులో పక్కనున్న మనిషి కూడా సగమే కనిపిస్తున్నాడు. టీ తాగుతున్న సర్వీసు జీపు డ్రైవరు ఒకాయన, వయసు యాభై దాటి ఉంటుంది, మా బండి ఆగడం విని దగ్గరకొచ్చాడు. "ఏటి బాబూ, ముందు కాలు ఏడుస్తంది?" అన్నాడు. గ్యారేజీలో చూశారని చెప్పాను. జాకీ ఎక్కడ పెట్టారని అడిగాడు. చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. "ఛాసిస్‌కి కాదు బాబూ. కింది ఆర్ముకి పెట్టాల."

తేడా అంతా అక్కడే ఉంది. మా జీపుకి ముందు వైపు స్ప్రింగు చుట్టలుండవు. టార్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. దాని ఒక కొస కింది ఆర్ముని పట్టుకుని ఉంటుంది. ఛాసిస్‌ని లేపితే కడ్డీ బలమంతా ఆర్ముని కిందికి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి, ఆర్ముని చక్రం వైపుతో కలిపే బాల్ జాయింటు బిగిసిపోయి, అరుగుదల బయటపడదు. జాకీని ఆర్ము కింద, జాయింటుకి దగ్గరగా పెడితే ఆ బలాన్ని జాకీ మోస్తుంది. జాయింటుకి ఊపిరాడుతుంది, ఉన్న లోపం చెబుతుంది.

చదునైన చోట బండి నిలిపి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, ఆర్ము కింద జాకీ ఎత్తాం. ఆయన టైరు కింద రాడ్డు దూర్చి పైకి లేపుతుంటే, నేను నేల మీద పడుకుని టార్చి వేసి చూశాను. చక్రంతో పాటు దాన్ని మోసే నకిల్ లేస్తోంది, ఆర్ము కదలడం లేదు. ఆ రెంటి మధ్య రబ్బరు బూటు హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. బూటు ఒక పక్క చిరిగి ఉంది. గ్రీజు ఉండాల్సిన చోట తుప్పు కలిసిన ఎర్రటి బురద.

చక్రం బేరింగేమోనని ఇంకా ఒక ఆశ. బావని బ్రేకు తొక్కి పట్టమని, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. బేరింగు లూజైతే బ్రేకు తొక్కగానే ఆ కదలిక ఆగాలి. ఆగలేదు.

"ఇది ఊడితే చక్రం పడుకుండిపోద్ది బాబూ," అన్నాడాయన. పిల్లల్ని ఎక్కించుకుని ఇదే ఘాట్‌లో అక్టోబరులో దిగాను. ఆ మాట వినగానే చేతులు చల్లబడ్డాయి. అక్కడి నుంచి బండి కదపలేదు.

బావ బస్సెక్కి నర్సీపట్నం వెళ్ళాడు. అరుగుదల ఒక వైపే బయటపడినా రెండు వైపులకీ తెమ్మన్నాను, రెండూ ఒకే దారిలో తిరిగినవే కదా. మధ్యాహ్నానికి జాయింట్లు పట్టుకొచ్చాడు. చింతపల్లి నుంచి మేస్త్రి తన కుర్రాడితో బైకు మీద వచ్చాడు.

మేస్త్రి ఛాసిస్ కింద స్టాండు పెట్టాడు గానీ ఆర్ము కింద జాకీని చివరిదాకా తియ్యలేదు. జాయింటు విప్పాక ఆ జాకీ జారితే మెలి తిరిగిన కడ్డీ ఆర్ముని విసిరికొడుతుంది. స్ప్లిట్ పిన్ లాగి, నట్టుని వదులు చేసి, నాలుగు చుట్లు మిగిల్చి వదిలేశాడు. కుర్రాడు జాయింటు స్టడ్డు కొస మీద కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నకిల్‌లో స్టడ్డు దూరే కన్నం పక్కన రెండు సుత్తులతో, ఎదురెదురుగా, ఒకేసారి కొట్టాడు. నాలుగో దెబ్బకి బిగుసుకున్న స్టడ్డు టప్పున వదిలింది. మిగిల్చిన నట్టు లేకపోతే నకిల్ ఆ దెబ్బకి ఎగిరిపడేది. నట్టు పూర్తిగా తీసే ముందు నకిల్‌ని తాడుతో పై ఆర్ముకి కట్టాడు, బ్రేకు పైపు గానీ ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు గానీ సాగకుండా.

కొత్త స్టడ్డుకీ కన్నానికీ గ్రీజు అంటనివ్వలేదు. పొడిగా తుడిచాడు. నా టార్క్ రెంచితో బిగించాక పిన్ను కన్నం నట్టు గాడికి సూటిగా రాలేదు. వెనక్కి కొంచెం తిప్పుదామన్నాను. "వెనక్కి తిప్పకూడదు సార్," అని మరికాస్త ముందుకే బిగించి గాడి కలిపాడు. కొత్త పిన్ను వేసి కొసలు వంచాడు. రెండో వైపు అరగంటలో అయిపోయింది.

పాత జాయింటుని చేతిలోకి తీసుకుని వంచితే స్టడ్డు తన బరువుకే వాలిపోయింది. కొత్తది రెండు చేతులతో గట్టిగా పడితే గానీ కదల్లేదు.

చీకటి పడే వేళకి మెల్లగా దిగాం. ఆ మూడో మలుపులో ఇద్దరం మాట్లాడకుండా విన్నాం. ఇంజను మోత, గాలి, అంతే. మర్నాడు నర్సీపట్నంలో అలైన్‌మెంట్ చేయించి విశాఖ చేరాం. ఇంటికి రాగానే, మాలాంటి జీపే ఉన్న పక్కింటాయన్ని పిలిచి కింది ఆర్ముకి జాకీ పెట్టించాను. ఎడమది బాగుంది. కుడి వైపు బూటు చిరగడం మొదలైంది.