పాత సోఫా వాసన

ఢిల్లీలో పదవీకాలాలు ముగిసే ప్రతిసారీ సామాన్లు వీధిన పడతాయి. ఎన్నికల్లో ఓడిన సభ్యులు బంగళాలు ఖాళీ చేస్తారు. బదిలీ అయిన అధికారులు, స్వదేశాలకు తిరిగి వెళ్ళే దౌత్య కార్యాలయాల సిబ్బంది మోయలేనంత బరువున్న వస్తువులను వచ్చిన ధరకు అమ్ముకుంటారు. అటువంటి సామానులో కొంత లాజ్‌పత్‌నగర్‌ను ఆనుకుని ఉన్న అమర్ కాలనీ దుకాణాలకు చేరుతుంది. మా ఇంటికి వచ్చిన తోలు సోఫా కూడా ఆ దారినే వచ్చింది. ఎవరి ఇంటిదని అడిగితే దుకాణదారు, "పెద్దవాళ్ళ ఇంటిది సాబ్" అని మాత్రం అన్నాడు.

దానికి మూడు వాసనలు ఉండేవి. ఏళ్ళ తరబడి పట్టిన సిగరెట్ పొగ ఒకటి. వానాకాలంలో మూసిన గదిలో ఉండిపోవడం వల్ల పట్టిన బూజు మరొకటి. ఈ రెండింటినీ కప్పిపుచ్చడానికి అమ్మకానికి ముందు చల్లిన గులాబీ అత్తరు మూడవది. వదిలించుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది ఈ మూడవదే. వాసన మీద వాసన చల్లితే మొదటిది పోదు, రెండూ కలిసి కొత్తది ఒకటి పుడుతుంది. సంకీర్ణ ప్రభుత్వాల గురించి చాలా కాలంగా రాస్తున్నవాణ్ణి గనుక ఈ రసాయనం నాకు కొత్తగా తోచలేదు.

సోఫాలు బాగుచేసే పెద్దాయన ఒకరు వచ్చారు. కాన్పూరు ప్రాంతపు మనిషి, యాభై దాటి ఉంటాయి. ముందుగా అడుగుభాగం తిప్పి, కుట్టు ఒకచోట కొంచెం విప్పి, తోలు లోపలి వైపును వేలితో రాసి చూశారు. నార నారగా, గరుకుగా ఉంటే నిజమైన తోలు. నేసిన గుడ్డ కనిపిస్తే రెగ్జిన్. ఇది తోలే. "వాసన దీనిలో తక్కువ భాయీసాబ్. తోలు కొంతే పట్టుకుంటుంది, మిగిలినదంతా ఫోమ్ తాగుతుంది. మీరు పైన ఎంత తుడిచినా, ఎవరైనా కూర్చోగానే లోపలి గాలి బయటికొస్తుంది" అన్నారు.

ఆయన పద్ధతి నాలుగు రోజులు పట్టింది. మొదట దిండ్ల జిప్పులు విప్పి, ఫోమ్‌ను వేరు చేసి, అన్నిటినీ గాలి ఆడే నీడలో ఉంచారు. ఎండలో పెడితే తోలులోని నూనె ఆరిపోయి బీటలు వారుతుందట. సందుల్లోని దుమ్ము, సిగరెట్ బూడిద, పాత బిస్కెట్ ముక్కలు యంత్రంతో లాగేశారు. తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి, ముందు కనిపించని మూలలో తుడిచి రంగు దిగడం లేదని నిర్ధారించుకున్నారు. ఆ తరువాత గట్టిగా పిండిన గుడ్డతో మొత్తం తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తారు. వెనిగర్ ఘాటు ఆరగానే పోయింది, దానితోపాటు పొగ కూడా చాలావరకు పోయింది. వంటసోడాను పొడిగానే చల్లి, రాత్రంతా ఉంచి, మరునాడు లాగేశారు. దానికి తడి తగలనివ్వకపోవడానికి కారణం ఉంది. తోలుది స్వల్పంగా ఆమ్ల స్వభావం, సోడా క్షారం; తడిసిన సోడా తోలు రంగునూ మెత్తదనాన్నీ పాడుచేస్తుంది. మామూలు సబ్బు నీళ్ళతో వచ్చే చిక్కు కూడా ఇదే. చివరగా తోలుకు పట్టించే కండిషనర్ పలుచగా రాశారు. రెండు దిండ్లలో ఫోమ్ మార్చవలసి వచ్చింది. బూజు పట్టిన ఫోమ్‌ను బాగుచేయాలనుకోవడం వృథా అని ఆయన తీర్పు. స్వెడ్ వంటి నూగు తోలుకు ఈ తడి వైద్యం పనికిరాదని కూడా హెచ్చరించారు.

పని చేస్తూ తన కథ చెప్పారు. కాన్పూరు దగ్గర గంగ ఒడ్డున ఉన్న జాజ్‌మవూ తోళ్ళ కర్మాగారాల్లో ఇరవై ఏళ్ళు పనిచేశారు. 2019 కుంభమేళాకు గంగ శుభ్రంగా ఉండాలని అక్కడి కర్మాగారాలను నెలల తరబడి మూయించినప్పుడు ఢిల్లీ వచ్చారు, తిరిగి వెళ్ళలేదు. నది శుభ్రంగా ఉండవలసిందే. ఆ మురికినీటి మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1987లోనే ఉత్తర్వులిచ్చింది. తమిళనాడులో పాలారు నదిని తోళ్ళ పరిశ్రమ చెరిచిన తీరుపై 1996లో వచ్చిన వెల్లూరు తీర్పు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన చట్టంలో నిలబెట్టింది. బంగ్లాదేశ్ కూడా 2017లో ఢాకా నడిబొడ్డున ఉన్న హజారీబాగ్ కర్మాగారాలను మూయించి సావర్‌కు తరలించింది. కానీ జాజ్‌మవూ మూతపడిన నెలల్లో తన మూల్యాన్ని చెల్లించింది ఎవరో ఈ పెద్దాయన ప్రయాణమే చెబుతుంది.

కొత్త తోలు వాసన అంటే మనకు మోజు. కార్ల ప్రకటనల్లోనూ ఖరీదైన అత్తరుల్లోనూ అది ఐశ్వర్యానికి గుర్తు. అయితే ఆ సువాసనకు ముందు ఉప్పు పట్టించిన పచ్చి చర్మాల కంపు ఉంటుంది, వెంట్రుకలు ఊడదీసే సున్నం, సల్ఫైడుల ఘాటు ఉంటుంది, క్రోమియం లవణాల తొట్టెలు ఉంటాయి. కంపు ఒకరికి, కమ్మదనం మరొకరికి.

మన ఊళ్ళలో క్రోమియం రాకముందు ఆ పని తంగేడు చెక్క చేసేది. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవిస్తున్న, బతుకమ్మలో పేరుస్తున్న ఆ తంగేడు చెట్టు బెరడే లందల్లో తోళ్ళను పదును చేసేది. పువ్వు పూజలోకి వచ్చింది; బెరడు పట్టుకున్న చేయి ఊరి చివరే నిలిచింది. మోట బొక్కెన, డప్పు, చెప్పు అన్నీ ఆ చేతి నుంచి ఊరికి అందాయి. పొలానికి మోట నీరు పారినప్పుడు ఎవరికీ వాసన రాలేదు. మాదిగవాడ పక్కనుంచి నడిచినప్పుడు మాత్రం వచ్చింది.

వాసన రాజకీయం కాదనుకునేవారు 2016 జూలైని గుర్తుచేసుకోవాలి. గుజరాత్‌లోని ఊనా సమీపంలో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. కొద్దిరోజుల్లోనే సురేంద్రనగర్ కలెక్టర్ కార్యాలయం ముందు దళితులు పశువుల కళేబరాలను తెచ్చి పడేశారు. ఇకమీదట ఈ పని తాము చేయబోమన్నారు. ఆగస్టులో అహ్మదాబాద్ నుంచి ఊనా దాకా నడిచి భూమి అడిగారు. ఎన్నో నిరసనలను చూసిన నాకు, అధికారం తన ముక్కుతో చదవవలసి వచ్చిన వినతిపత్రం మరొకటి గుర్తుకు రావడం లేదు.

ఢిల్లీలో అద్దె ఇల్లు వెదికినవారికి ఇంకొక సంగతి తెలుసు. "మాంసం వండుతారా? మెట్ల మీదికి వాసన వస్తుంది" అనే ప్రశ్న ఇక్కడ కులాన్నీ మతాన్నీ మర్యాదగా అడిగే పద్ధతి. మా మేడలో ఒకాయన ఆ ప్రశ్న వచ్చిన ప్రతి అద్దెదారునూ అడుగుతారు. మొన్న మా ఇంటికి వచ్చి, బాగుపడిన సోఫాలో వెనక్కి వాలి, "అసలైన తోలు! ఏమీ వాసన లేదే" అని మెచ్చుకున్నారు. అది ఒక పశువు చర్మమన్న ఆలోచన ఆయనకు తట్టినట్టు లేదు. పెద్దాయన ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు.

ఆ నంబరు ఉన్న కార్డు ఇంకా నా బల్ల మీదే ఉంది. దాని మీద 'సోఫా రిపేరు, అన్ని రకాల ఫర్నిచర్ పనులు' అని హిందీలో అచ్చు వేసి ఉంది. తోలు అన్న మాట ఎక్కడా లేదు. పేరు ఉంది, పేరు చివర ఏమీ లేదు. ఎందుకు వేయించలేదని నేను ఆయనను అడగలేదు. ఈ నగరంలో రాజకీయాలు రాసి బతికేవాడికి ఆ జవాబు మరొకరు చెప్పనక్కరలేదు.